వీడని వీపునొప్పి: వెన్నెముక క్షయ, పంచాయతీల కర్తవ్యము

పల్లెలలో నొప్పి యెరుగని వీపు అరుదు. నాట్లు వేయువారు, కోతలు కోయువారు, ధాన్యపు బస్తాలు మోయువారు, మగ్గము గుంటలో కూర్చొని నేయువారు, వీరిలో ప్రతివారును ఏదో యొకనాడు వీపు పట్టుకొన్నదని చెప్పినవారే. అందుచేత వీపునొప్పి యన్నమాట చెవిని బడినప్పుడు ఎవ్వరును ఉలికిపడరు. "వంగి పనిచేసినందున వచ్చినది, రెండు దినములలో పోవును" అని తేల్చివేయుదురు. చాలమంది విషయములో ఆ మాట నిజమే యగును. కాని ఆ మాట చాటున దాగి, నెలల తరబడి లోలోపల పెరిగి, తుదకు మనిషిని మంచమున పడవేయు వ్యాధి యొకటి కలదు. అది వెన్నెముకకు వచ్చు క్షయ.

క్షయ యనగానే దగ్గు, కఫము, చిక్కిపోయిన దేహము మనకు స్ఫురించును. ఊపిరితిత్తుల క్షయకు అవి గుర్తులు. వెన్నెముకకు వచ్చు క్షయలో దగ్గు ఉండకపోవచ్చును. వీపు పైభాగమునను, రొమ్మునను విడువక బాధించు నొప్పియే దాని మొదటి గుర్తు. కొన్నాళ్లపాటు అదియొక్కటే గుర్తుగా నుండుటయు కలదు. దీనిని పూర్తిగా నయము చేయు మందులు ప్రభుత్వమువారు ఉచితముగా ఇచ్చుచున్నారు. అయినను ఆలస్యము వలన కాళ్లు పడిపోవుచున్నవారు నేటికిని ఉన్నారు. ఆ ఆలస్యమును తగ్గించుటలో గ్రామపంచాయతీ సభ్యులు చేయగల పని చాల కలదు. ఆ పని యేమో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఒక గ్రామములో జరిగినది

కొంతకాలము క్రిందట ఆరోగ్య ప్రచార కార్యక్రమముపై ఒక గ్రామమునకు వెళ్లియుండగా ఈ వ్యాసకర్తకు తెలిసిన సంగతి ఇది. ఆ ఊరిలో ముప్పదియైదేండ్ల స్త్రీ యొకతె కూలిపనికి పోవుచుండెడిది. ఆమెకు రెండు రెక్కల ఎముకల నడుమ నొప్పి మొదలైనది. కొన్ని వారములకు ఆ నొప్పి ప్రక్కల మీదుగా చుట్టివచ్చి రొమ్మునకు ప్రాకినది. త్రాడుతో బిగించి కట్టినట్లున్నదని ఆమె చెప్పుచుండెను. మొదట గ్యాసు అన్నారు, మాత్రలు మ్రింగినది. తరువాత గుండెజబ్బేమో యను భయముతో పట్టణమునకు తీసికొనిపోయి గుండెపరీక్ష చేయించిరి. గుండెలో దోషమేమియు లేదని తేలినది. అది మంచి వార్తయే. కాని దానితో చిక్కు వచ్చిపడినది. గుండెలో దోషము లేదనగా రోగమే లేదని ఇంటివారు తలచిరి. పని తప్పించుకొనుటకు సాకు అనిరి. వీపుపై వాతలు పెట్టించిరి. సూదిమందులు వేయించిరి. సూది వేయించిన దినమున కొంత తగ్గుటయు, నాల్గుదినములకు మరల తిరుగబెట్టుటయు జరుగుచుండెను.

ఇట్లు ఎనిమిది నెలలు గడచినవి. ఒకనాడు పొలము గట్టుపై నడచుచుండగా ఆమె కాలి చెప్పు జారిపోయినది. జారిపోయినట్లు ఆమెకు తెలియలేదు. వెనుక వచ్చుచున్న వార్డు సభ్యురాలు అది చూచి, చెప్పు తీసి చేతికిచ్చి, ఆమె నడకను గమనించి, మరునాడే జిల్లా ఆసుపత్రికి పంపించినది. అది వెన్నెముక క్షయ యని తేలినది. శస్త్రచికిత్స జరిగినది, మందులు ఏడాదికి పైగా వాడవలసి వచ్చినది. ఆమె నేడు నడచుచున్నది. వీపు కొంచెము వంగినది, బరువులు మోయలేదు.

ఆ వార్డు సభ్యురాలిని మెచ్చుకొనగా ఆమె సంతోషింపలేదు. "నెలల నుంచి చూస్తూనే ఉన్నానండీ. నడుం వంచకుండా గొంతుక్కూర్చుని బిందె ఎత్తుకొనేది. అది జబ్బు గుర్తని మాకెవరు చెప్పారు?" అని అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత మావంటి ప్రచార శాఖలవారిది.

వీపులోని రోగము రొమ్మును ఎట్లు బాధించును?

మన మెడ క్రిందినుండి నడుము పైవరకు గల వెన్నెముక భాగములో పండ్రెండు పూసలు ఉన్నవి. ప్రక్కటెముకలు ఈ పూసలకే అతికి, రొమ్మును పంజరము వలె చుట్టివచ్చును. పూసల వెనుకనున్న గొట్టమువంటి మార్గములో వెన్నుపాము దిగుచుండును. ప్రతి రెండు పూసల నడుమనుండి ఒక్కొక్క జత నరములు బయలుదేరి, ప్రక్కటెముకల వెంట రొమ్ము ముందువరకు వచ్చును. పూస దెబ్బతిని అచటి నరము ఒరసికొన్నప్పుడు నొప్పి ఆ నరము పోవు త్రోవనెల్ల తెలియును. కావున రోగము వీపులోనుండగా బాధ రొమ్ములోనో, డొక్కలోనో తోచును. రొమ్మును వెదకిన వైద్యునకు అచట ఏమియు కనబడదు. పైన చెప్పిన స్త్రీ విషయములో జరిగినది ఇదియే.

వ్యాధి ఎట్లు పుట్టును?

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన లోకమునకు వెల్లడించెను. అంతకు నూరేండ్లకు పూర్వమే, 1779లో, పెర్సివల్ పాట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు గూనితో పాటు కాళ్లు చచ్చుబడు ఈ వ్యాధిని వర్ణించియుండెను. అందుచేత వైద్యులు నేటికిని దీనిని పాట్ వ్యాధి యని పిలుచుచుందురు.

క్షయక్రిములు గాలి ద్వారా ఊపిరితిత్తులలో ప్రవేశించును. పెక్కుమందిలో అవి అచటనే అణగియుండి ఏ హానియు చేయవు. కొందరిలో రక్తముతో కలిసి ఇతర అవయవములకు చేరును. ఎముకలకు, కీళ్లకు వచ్చు క్షయలో దాదాపు సగము వెన్నెముకకే వచ్చుచున్నది. క్రిములు పూస ముందుభాగమున చేరి, ప్రక్కప్రక్కనున్న రెండు పూసలను, వాని నడుమనున్న మెత్తని బిళ్లను తినివేయును. బలము తగ్గిన పూసలు ముందునకు క్రుంగును. వెనుకభాగము పైకి పొడుచుకొని వచ్చి గూని ఏర్పడును. లోపల చీము చేరును. ఎరుపు, వేడి లేనందున దీనిని చల్లని గడ్డ యందురు. ఈ చీముగాని, క్రుంగిన ఎముకగాని వెన్నుపామును నొక్కినప్పుడు కాళ్లలో పటుత్వము తప్పును. ఇదంతయు ఒక్కనాటిలో జరుగునది కాదు. నెలలు పట్టును. ఆ నెలలలోనే మనము మేల్కొనవలెను.

చాలినంత తిండి లేనివారికిని, మధుమేహము కలవారికిని, హెచ్.ఐ.వి. సోకినవారికిని, చాలకాలముగా స్టెరాయిడ్ మందులు వాడువారికిని క్షయ సోకి బయటపడు అవకాశము హెచ్చు. అయినను ఇవేవియు లేని బలిష్ఠులకును ఇది రావచ్చును.

నొప్పులలో తారతమ్యము

వీపు, రొమ్ము నొప్పులన్నియు క్షయ కాదు. ఈ వ్యాసము చదివి ప్రతి నొప్పికిని భయపడవలసిన పనిలేదు. నొప్పులను మూడు తరగతులుగా విభజించి చూచిన తికమక తగ్గును.

మొదటిది, అప్పటికప్పుడు వచ్చు నొప్పి. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లుండి, ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకుచు, చెమటలు పోసి, ఆయాసము కలిగినచో గుండెపోటును అనుమానింపవలెను. గ్యాసు అని సోడాలు త్రాగించుచు కాలయాపన చేయరాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ఇచట లెక్కింపవలసినవి నిమిషములే.

రెండవది, పని వలన వచ్చు నొప్పి. బరువు ఎత్తినప్పుడు, వంగినప్పుడు ఎక్కువై, విశ్రాంతి తీసికొన్నప్పుడు తగ్గును. రాత్రి నిద్ర పట్టును. జ్వరము ఉండదు. కండరములు, కీళ్లు శ్రమించుటవలన కలుగు ఈ నొప్పియే అన్నిటికంటె ఎక్కువ. వేడి కాపడము పెట్టి, కొద్దిదినములు బరువులు మాని, మంచము పట్టక మెల్లమెల్లగా మసలుచున్నచో సాధారణముగా కొద్దివారములలో నెమ్మదించును.

మూడవది, వీడని నొప్పి. విశ్రాంతి తీసికొన్నను తగ్గదు, రాత్రులందు ఎక్కువగును. నిద్రలో కండరముల పట్టు సడలగానే నొప్పి కలుక్కుమనుటచే పిల్లలు ఏడ్చుచు లేచుటయు కలదు. వీపులో ఒక్కచోట వ్రేలితో నొక్కిన ఓర్వలేరు. సాయంకాలము కొద్దిపాటి జ్వరము, రాత్రి చెమటలు, ఆకలి మందగించుట, బరువు తగ్గుట కనబడవచ్చును. ఇవి అన్నియు అందరిలోను ఉండవు. జ్వరమే లేని రోగులు చాలమంది కలరు. కావున జ్వరము లేదుగదా యని ఉపేక్షింపరాదు. నొప్పి మూడువారములు దాటినచో వైద్యునకు చూపవలెను. పై గుర్తులలో ఏ యొకటి యున్నను అంతవరకును ఆగరాదు.

చూపరులకు తెలియు గుర్తు యొకటి కలదు. వెన్నెముకలో రోగమున్నవాడు నేలపై పడిన వస్తువును నడుము వంచి తీయడు. వీపును కర్రవలె నిలిపి, మోకాళ్లు మడచి, గొంతుకూర్చొని తీయును. లేచునప్పుడు తొడలపై చేతులూని లేచును. బావి చెంతను, కల్లములోను, చౌకదుకాణము ముందు వరుసలోను ఈ గుర్తును ఎవ్వరైనను చూడవచ్చును. దీనికి వైద్యవిద్య అక్కరలేదు.

అపాయ సూచనలు వేరుగా నున్నవి. నడకలో కాలు తడబడుట, కాళ్లు బిగుసుకొనుట, కాలి చెప్పు జారినను తెలియకుండుట, నడుము క్రిందిభాగము తిమ్మిరెక్కుట, మూత్రము ఆగిపోవుట లేక అదుపు తప్పుట కనబడినచో అది వెన్నుపాము నొక్కుకొనుచున్నదనుటకు గుర్తు. ఇక ఒక్కదినము కూడ ఆగరాదు. జిల్లా ఆసుపత్రికిగాని, బోధనాసుపత్రికిగాని పంపవలెను.

పరీక్షలు

కఫపరీక్షలో క్షయ లేదని తేలినంతమాత్రమున వెన్నెముకలో లేదని చెప్పుటకు వీలులేదు. కఫము ఊపిరితిత్తుల సంగతినే తెలుపును. ఎక్సరే తీయించిన మంచిదే. కాని ఎముకలోని సున్నపు పదార్థము మూడవవంతుకు పైగా కరగిపోయిన పిమ్మటగాని మామూలు ఎక్సరేలో దోషము చక్కగా కనబడదు. వ్యాధి తొలిదశలో ఎం.ఆర్.ఐ. పరీక్షయే స్పష్టముగా తెలుపును. అనుమానించిన చోటనుండి సూదితో కొంత భాగమును తీసి, సీబీనాట్ లేక ట్రూనాట్ యంత్రములో పరీక్షించినచో క్షయక్రిమి ఉన్నదియు లేనిదియు, ముఖ్యమైన మందునకు అది లొంగునో లేదో కూడ తెలియును. కావున "ఎక్సరే బాగున్నది" యన్నమాటతో ఇంటికి తిరిగివచ్చిన మనిషికి నెల దాటియు నొప్పి వీడనిచో మరల పంపవలెను. రెండవసారి పంపుటకు వెనుదీయరాదు.

చికిత్స నాడును నేడును

మందులు లేని కాలములో క్షయరోగులకు గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండియే చికిత్స. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో వెలసిన శానిటోరియము ఆనాటి చికిత్సాకేంద్రములలో పేరొందినది. వెన్నెముక క్షయ వచ్చినవారిని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి కదలకుండ పరుండబెట్టెడివారు. మందులు వచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు, ఊపిరితిత్తుల క్షయ కలవారు ఇంటనే యుండి మందులు వాడినను శానిటోరియములోని వారితో సమానముగా కోలుకొందురని 1959లో నిరూపించిరి. పేద దేశములన్నిటికిని ఇది వరమైనది. వెన్నెముక క్షయ విషయములో కొరియా దేశమందలి మాసాన్, పూసాన్ నగరములలో పరిశోధన జరిగినది. పడకపై నెలలకొలది ఉంచుటవలనగాని, దేహమునకు ప్లాస్టరు కట్టుటవలనగాని అదనపు లాభము లేదనియు, క్రమముగా మందులు వాడుటయే ముఖ్యమనియు 1973లో వెల్లడియైన ఫలితములు తెలిపినవి.

నేటి చికిత్సలో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, అనగా ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్, ఇత్తురు. ఆ పిమ్మట పైరజినమైడ్ మాని తక్కిన మూడింటిని కొనసాగింతురు. ఊపిరితిత్తుల క్షయకు సాధారణముగా ఆరు నెలలు చాలును. వెన్నెముక క్షయకు మన దేశములో పండ్రెండు నెలలు, అవసరమును బట్టి పదునెనిమిది నెలల వరకు ఇచ్చుచున్నారు. మాత్రలు రోగి బరువును బట్టి నిర్ణయింతురు. ప్రతిదినము వేసికొనవలెను. చాలమందికి శస్త్రచికిత్స అక్కరలేదు. వెన్నుపాము నొక్కుకొన్నప్పుడు, గూని పెరుగుచున్నప్పుడు, మందులతో గుణము కనబడనప్పుడు మాత్రము దాని అవసరము కలుగును.

ఈ మందుల విషయములో రెండు సంగతులు ఇంటిల్లిపాదికిని తెలిసియుండవలెను. మూత్రము నారింజ వర్ణముగా వచ్చుట రిఫాంపిసిన్ వలన కలుగునది, దానికి భయపడరాదు. కన్నులు పచ్చబడుట, ఆగని వాంతులు, చూపు మందగించుట లేక రంగులు సరిగా తెలియకుండుట, అరికాళ్ల మంటలు కనబడినచో మందులిచ్చు వైద్యునకు వెంటనే తెలుపవలెను.

నొప్పితో కాపురము

మందులు మొదలిడిన కొన్ని వారములకే చాలమందికి నొప్పి తగ్గుముఖము పట్టును, ఆకలి పుట్టును. రెండు మూడు నెలలకు దేహము కుదుటబడినట్లు తోచును. ఆపద పొంచియుండునది ఇచటనే. "తగ్గినదిగదా, ఇంకెందుకు మాత్రలు" అని మానివేయువారు కలరు. క్రిములు పూర్తిగా చావకమునుపు మందు మానినచో వ్యాధి తిరుగబెట్టును, మందులకు లొంగని రూపము దాల్చుటకును వీలున్నది. నొప్పి తగ్గుట వేరు, రోగము పోవుట వేరు. ఈ యొక్కమాటను రోగికి పలుమారులు చెప్పవలెను.

ఈ నెలలలో రోగి ఎట్లు మెలగవలెను? వైద్యుడు చెప్పినన్నాళ్లు నడుముపట్టీ వాడవలెను. బిందెలు, బస్తాలు, గడ్డిమోపులు ఎత్తరాదు, నెత్తిపై మోయరాదు. సాగిలబడు కుక్కిమంచము కంటె గట్టి చెక్కబల్లపై పలుచని పరుపు వేసికొని పరుండుట మేలు. మంచము దిగునప్పుడు ఒక్కసారిగా లేవక, ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు క్రిందికి దించి, చేయి ఆనించి లేవవలెను. వైద్యుడు అనుమతించిన వెంటనే ఇంటిలో నాలుగడుగులు వేయుట మొదలిడి దినదినము కొంత పెంచవలెను. అతుక్కొనిపోయి పరుండుటవలన కండరములు క్షీణించి నొప్పి ఇంకను పెరుగును. పప్పు, గ్రుడ్డు, పాలు, వేరుసెనగ, ఆకుకూరలు దినభోజనములో ఉండవలెను. పొగాకు, సారా మానవలెను. మద్యము ఈ మందులతో కలిసి కాలేయమునకు హాని చేయును.

చికిత్స పూర్తియైన పిమ్మటను కొందరికి వీపునొప్పి మిగులును. పూసలు వంగి అతుకుకొన్నందున కండరములపై అదనపు భారము పడుట ఇందుకు కారణము. చలికాలమునను, ఎక్కువసేపు కూర్చొన్నప్పుడును ఈ నొప్పి తెలియును. ఇది రోగము తిరుగబెట్టినదను గుర్తు కాకపోవచ్చును. అయినను కొత్తగా జ్వరము వచ్చినను, నొప్పి నానాటికి పెరుగుచున్నను పరీక్ష చేయించుకొనవలెను. ఏమియు లేదని తేలినచో, ఆ నొప్పితో బ్రదుకు సాగించుటకు అలవాటుపడవలెను. పనిని చిన్న భాగములుగా చేసికొనుట, నడుమ నడుమ లేచి నడచుట, వ్యాయామ చికిత్సకుడు నేర్పిన వీపు కసరత్తులను ప్రతిదినము చేయుట, బరువుపని మాని కుట్టుపని, పశుపోషణ, అంగడి వంటి పనులను చేపట్టుట ఇందుకు సాధనములు.

నొప్పి కంటికి కనబడునది కాదు. గాయమును చూచి జాలిపడు మనము కనబడని బాధను నమ్ముటకు వెనుకాడుదుము. కోడలు సాకులు చెప్పుచున్నదనియు, కూలివాడు సోమరియైనాడనియు అనుట తేలిక. ఆ మాటలకు వెరచి రోగి నొప్పిని దాచికొని పని చేయును. దాచిన ప్రతిదినమును పూసను మరికొంత కరగించును.

చేయరాని పనులు

వాతలు పెట్టించుట వలన చర్మము కాలునే గాని పూసలోని క్రిమి చావదు. రోగము పట్టిన వీపును త్రొక్కించుట, లాగించుట, గట్టిగా మర్దనము చేయించుట మిక్కిలి ప్రమాదము. బలము తగ్గిన పూస ఒక్క అదటుతో క్రుంగి వెన్నుపామును నొక్కవచ్చును. ఏ మందో తెలియని సూదులను నెలల తరబడి వేయించుకొనరాదు. వానిలో స్టెరాయిడ్ ఉన్నచో నొప్పి తాత్కాలికముగా అణగును, దేహపు రక్షణశక్తి తగ్గి క్షయ లోలోపల పెరుగును. నొప్పిమాత్రలను కూడ వైద్యుని సలహా లేక దీర్ఘకాలము మ్రింగినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగును.

ఇది అంటుకొనునా?

వెన్నెముకలో మాత్రమే క్షయ ఉన్న మనిషి నుండి ఇతరులకు వ్యాధి సోకదు. క్షయ గాలి ద్వారా, ఊపిరితిత్తుల రోగి దగ్గుట వలన వ్యాపించును. కావున వేరు గిన్నెలు, వేరు గది పెట్టనక్కరలేదు. పిల్లలను దగ్గరకు రానీయకుండుట తగదు. వెన్నెముక రోగికి ఊపిరితిత్తులలో కూడ వ్యాధి కలదేమో యని వైద్యులే పరీక్షింతురు. ఉన్నచో దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట, గాలి వచ్చు గదిలో నుండుట, ఇంటివారందరును పరీక్ష చేయించుకొనుట అవసరము. మందులు క్రమముగా వాడుచున్నచో కొద్దివారములలో సోకు భయము చాలవరకు తగ్గును. ఇది వంశపారంపర్యమైన వ్యాధి కాదు. ఆ కుటుంబముతో వియ్యమందుటకు వెనుదీయుట అజ్ఞానము.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

భారత ప్రభుత్వమువారు 2023వ సంవత్సరము మార్చి 24వ తేదీన క్షయరహిత పంచాయతీల కార్యక్రమమును ప్రారంభించిరి. ఇందు పంచాయతీకి కొన్ని ప్రమాణములు ఏర్పరచిరి. వేయిమంది జనాభాకు ఏడాదిలో కనీసము 30 మందికి క్షయపరీక్షలు జరిగియుండవలెను. నమోదైన రోగుల సంఖ్య వేయికి ఒకటికి మించరాదు. చికిత్స పొందినవారిలో కనీసము 85 శాతము సఫలత ఉండవలెను. రోగులందరికిని పోషకాహార సహాయము అందియుండవలెను. అర్హత పొందిన పంచాయతీకి మొదటి ఏడు కంచు వర్ణపు, రెండవ వరుస ఏడు వెండి వర్ణపు, మూడవ వరుస ఏడు బంగారు వర్ణపు గాంధీమహాత్ముని ప్రతిమను బహూకరింతురు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రతిమ కొరకు రోగుల సంఖ్య తక్కువగా కనబడవలెనని ఎవ్వరినైనను పరీక్షకు పంపకుండుట, నమోదు చేయింపకుండుట ఘోరమైన తప్పు. పరీక్షల సంఖ్యను ప్రమాణములలో చేర్చుటకు కారణము ఇదియే. వెదకి చూడని ఊరిలో రోగులు కనబడరు, కాని ఉందురు. వెన్నెముక క్షయ వంటివి దగ్గును మాత్రమే వెదకు కంటికి చిక్కవు గనుక, ఆశా కార్యకర్తతో మాట్లాడునప్పుడు "ఎవరికైన దగ్గు ఉన్నదా?" అని మాత్రమే అడుగక, "నెల దాటియు వీపునొప్పి వీడనివారు ఎవరైన ఉన్నారా?" అని కూడ అడుగవలెను.

గ్రామసభలో ఈ గుర్తులను ఒకమారు చదివి వినిపించవలెను. అనుమానమున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. ఎం.ఆర్.ఐ. పరీక్ష కొరకు దూరపు పట్టణమునకు పోవలసివచ్చినప్పుడు పేదలకు ప్రయాణపు ఖర్చే మొదటి అడ్డంకి యగును. కూలి పోవుటయు, తోడు వచ్చు మనిషి లేకపోవుటయు రెండవ అడ్డంకి. తోడు ఏర్పాటు చేయుట పంచాయతీకి అసాధ్యము కాదు.

రోగి పేరు నిక్షయ్ జాబితాలో నమోదైనదో లేదో విచారింపవలెను. 2018 ఏప్రిలులో ప్రారంభమైన నిక్షయ్ పోషణ్ యోజన క్రింద చికిత్స కాలములో నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024 నవంబరు 1వ తేదీ నుండి దానిని 1,000 రూపాయలకు పెంచిరి. ఈ సొమ్ము రోగి బ్యాంకు ఖాతాకే చేరును. ఖాతా లేనందుననో, ఆధారు వివరములు సరిపోలనందుననో సొమ్ము ఆగిపోవుట కలదు. దానిని సరిచేయించుట పంచాయతీ సభ్యునకు ఒకపూట పని. 2022 సెప్టెంబరు 9వ తేదీన ప్రారంభమైన నిక్షయ్ మిత్ర పద్ధతిలో దాతలు రోగులకు ఆహారపు పొట్లములు ఇచ్చుచున్నారు. ఊరిలోని స్తోమత గలవారు, సహకార సంఘములు, పాఠశాల పూర్వవిద్యార్థులు ఇందులో చేరవచ్చును.

ఆహార సహాయము దయతో విదిల్చు దానము కాదు, చికిత్సలో భాగము. 2019 నుండి 2022 వరకు జార్ఖండు రాష్ట్రములో జరిగిన పరిశోధనలో, ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారి ఇండ్లలోని కుటుంబసభ్యులకు నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చిరి. దానివలన ఆ ఇండ్లలో కొత్తగా క్షయ వచ్చుట సుమారు 39 శాతము తగ్గినది. కంచములోని తిండి ఎంతటి రక్షణయో దీనివలన తెలియగలదు.

కోలుకొనుచున్నవారికి బరువు లేని పనులు దొరకునట్లు చూచుట, పంపునుండి నీరు మోసి ఇచ్చుటకు ఇరుగుపొరుగును ఒప్పించుట, శాశ్వతముగా అవయవలోపము మిగిలినవారికి ధ్రువపత్రము ఇప్పించుట కూడ మన పనులే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము నలుబది శాతమునకు తగ్గని లోపము కలవారు ప్రత్యేక సౌకర్యములకు అర్హులు. క్షయను గురించిన సందేహములకు 1800-11-6666 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ముగింపు

వైద్యుడు రోగిని చూచునది ఆసుపత్రిలో, కొన్ని నిమిషములు. పంచాయతీ సభ్యుడు అదే మనిషిని ప్రతిదినము వీధిలో, పొలములో, బావి చెంత చూచుచున్నాడు. నడుము వంచలేక గొంతుకూర్చొని బిందె ఎత్తుకొను స్త్రీయు, ఒక భుజమునుండి మరియొక భుజమునకు బస్తా మార్చుకొనలేక ముఖము చిట్లించు హమాలీయు, రాత్రి నొప్పితో ఏడ్చి లేచు పిల్లవాడును మీ వార్డులోనే ఉండవచ్చును. వారిని చూచినప్పుడు అడుగవలసినది ఒక్క ప్రశ్న: "ఈ నొప్పి ఎన్నాళ్లనుండి?" వారు చెప్పు సమాధానమును నమ్మి, నెలలు గడచినవని తెలిసిన మరునాడే ఆసుపత్రికి దారి చూపినచో, ఒక మనిషి తన కాళ్లపై తాను నిలుచును, ఒక కుటుంబము తన కూడు తాను తినును.